గబ్బిలంతో కబురంపిన కవి

గిద్దలూరులో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ దాటాక వినుకొండ వస్తుంది. పెళ్లిళ్లకనీ, సభలకనీ, ఆసుపత్రి పనులకనీ మన సంఘాలవారు ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లివచ్చి ఉంటారో! ఆ వినుకొండలో 1895 సెప్టెంబరు 28న గుర్రం జాషువా గారు పుట్టారు. ఈ వారం ఆయనను గుర్తు చేసుకోవడానికి కారణం ఉంది. రాజకుమారులు, మాట్లాడే పక్షులు, కాస్త ప్రేమ, కాస్త రహస్యం ఉన్న కల్పిత కథలు విశ్వాసులు చదవవచ్చా, రాయవచ్చా అని మన యువతీయువకులు అడుగుతున్నారు. పెద్దలలో కొందరు వెంటనే వద్దంటున్నారు. ఇదే ప్రశ్న నూరేళ్ల క్రితం ఒక మనిషి బ్రతుకు మీద పడింది. అప్పుడు ఏం జరిగిందో తెలుసుకుని జవాబు చెబితే మంచిది.

జాషువా తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ స్త్రీ. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి ఏమంత చిన్న విషయమో మన ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు కోరుకున్నందుకు వెల కట్టవలసి వచ్చింది వాళ్ల పిల్లవాడు. బడిలో చేరింది మొదలు అయ్యవార్ల దగ్గరా, తోటి పిల్లల దగ్గరా అవమానాలే. అయితే ఆ అబ్బాయి తల వంచుకుని ఏడ్చే రకం కాదు, తిరగబడేవాడు. బొమ్మలు గీయడం, పాట అంటే ఇష్టం. దీపాల పిచ్చయ్యశాస్త్రి అనే బ్రాహ్మణ మిత్రుడి సావాసంలో పద్యం మీద మోజు పుట్టింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదువుకున్నాడు. మూడో పుస్తకం పేరు గుర్తుంచుకోండి, దానితో పనుంది.

1910లో, ఇంకా పదిహేనేళ్ల వయసులోనే, ఆయనకు పెళ్లయింది. భార్య పేరు మేరీ. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం మీద వినుకొండలో కాపురం పెట్టారు. ఆ ఉద్యోగం పోయాక బ్రతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి చేరి, 1915-16లో మూకీ సినిమాల దగ్గర వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కనుండి కథనూ సంభాషణలనూ చదివి వినిపించడం ఆ పని. నోరులేని బొమ్మలకు నోరు అరువివ్వడమన్నమాట. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చివారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా.

ఈ ఉద్యోగాల మధ్యే ఆయన రాస్తూ వచ్చారు. 1919లో రుక్మిణీ కల్యాణం రాశారు. కథ మీకు తెలిసిందే. ఇష్టంలేని పెళ్లి తప్పించుకోవడానికి ఒక అమ్మాయి తన మనసులోని మాటను రహస్యంగా ఒక బ్రాహ్మణుడి చేత పంపుతుంది. క్రైస్తవ యువకుడు ఇలాంటి కథ ముట్టుకోవడం సంఘ పెద్దలకు మింగుడుపడలేదు. హిందూ కథలు రాస్తున్నాడని మందలింపులతో మొదలై, చివరికి సంఘంలోనుండి వెలివేయడం దాకా పోయింది. ఇటు చూస్తే సొంత ఊళ్లో జరిగిన ఒక అవధాన సభలో పద్యాలు చదివినప్పుడు, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని అక్కడివారు గొడవ చేశారు. అంటరానివాడని వాళ్లు బయట నిలబెడితే, పురాణాలు రాస్తాడని మనవాళ్లు బయట నిలబెట్టారు.

ఆనాటి పెద్దల పక్షాన ఒక మాట చెప్పాలి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన గడ్డ మనది. జాషువా పుట్టేనాటికి ఆ సంగతి జరిగి పదిహేడేళ్లే. నిన్న మొన్న పాత దేవతలను విడిచివచ్చిన జనం మళ్లీ అటు జారిపోతారేమోనని కాపరులకు భయం ఉండడం సహజం. మందను కాయడం వాళ్ల పని. కాని ఒక కథ చెప్పడానికీ, దానిలోని దేవుణ్ణి మొక్కడానికీ మధ్య ఉన్న తేడాను వాళ్లు చూడలేదు. చూసి ఉంటే ఒక కవి మన మధ్యనే ఉండేవాడు. ఆ గాయం తర్వాత జాషువా మతాలన్నిటికీ ఎడంగా, నాస్తికత్వం వైపు జరిగారు. సంఘ చరిత్ర రాసేటప్పుడు ఈ పేజీని మనం తిప్పేస్తుంటాం.

1941లో గబ్బిలం వచ్చింది. ఇప్పుడు మేఘసందేశం సంగతి. కాళిదాసు కథలో ఒక యక్షుడు కొలువులో పొరపాటు చేసి ఏడాదిపాటు ఇల్లు విడిచి ఉండేలా శాపం పొందుతాడు. భార్య మీద బెంగతో, ఆకాశంలో పోతున్న మేఘాన్ని పిలిచి, దారి చెప్పి, అలకాపురికి కబురు పంపుతాడు. జాషువా ఆ పాత కథ చట్రాన్ని తీసుకున్నారు, లోపలి మనుషులను మార్చేశారు. యక్షుడి చోట తంజావూరు సీమలోని ఒక అంటరాని పేదవాడు. మేఘం చోట రాత్రిపూట గుడిసెలోకి వచ్చిన గబ్బిలం. కబురు వెళ్లవలసింది ప్రియురాలికి కాదు, కాశీ విశ్వనాథుడికి.

గబ్బిలమే ఎందుకు? కథ మర్మమంతా అక్కడే ఉంది. గుడిలోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి అడ్డు లేదు. అది లోపల తలకిందులుగా వేలాడుతుంది గనుక దేవుడి చెవికి బాగా దగ్గర. పూజారి లేని సమయం చూసి నా బ్రతుకు సంగతి మెల్లగా చెప్పమని అతను బతిమాలుకుంటాడు. ఆ గబ్బిలాన్ని చులకనగా కాదు, పక్షులకు రాణిలా గౌరవించి పిలుస్తాడు. ఆ తర్వాత దారి చెబుతూ, మధ్యలో తగిలే ఊళ్లూ నదులూ పాత వైభవాలూ చూపిస్తూ, ఆకలీ అంటరానితనమూ వినిపిస్తూ పోతాడు. మధుర మీనాక్షి గుడిలోకి ఆ జనం మొదటిసారి అడుగుపెట్టింది 1939 జూలైలో. చాలా గుళ్ల తలుపులు ఇంకా మూసే ఉన్న కాలంలో ఈ కావ్యం వచ్చిందని మరిచిపోకూడదు.

పరిశుద్ధ గ్రంథం చదివేవారికి ఈ కథ కొత్తగా అనిపించకూడదని నా అభిప్రాయం. లేవీయకాండం 11వ అధ్యాయంలో అపవిత్రమైన పక్షుల జాబితా చివర ఉన్నది గబ్బిలమే. అదే జాబితాలో కాకి కూడా ఉంది. ఆ కాకుల చేతనే దేవుడు కెరీతు వాగు దగ్గర ఏలీయాకు రొట్టె, మాంసం పంపించాడు. ఇక 84వ కీర్తన తీయండి. మందిరానికి దూరంగా ఉండి తపించిపోతున్న భక్తుడికి బలిపీఠం దగ్గర గూడు కట్టుకున్న పిచ్చుకా వానకోయిలా గుర్తొస్తాయి. పిట్టకు దొరికిన చోటు తనకు దొరకలేదే అని ఆ మనసు కొట్టుకుంటుంది. తంజావూరు పేదవాడి మనసు కూడా అలాగే కొట్టుకుంది. జాషువా ఈ కీర్తన తలచుకుని రాశారని నేను అనడం లేదు. చిన్ననాటినుండి చెవిన పడిన మాటలు మనిషిలో ఎక్కడో ఉంటాయి, అంతవరకే.

మాట్లాడే చెట్లు కావాలంటే న్యాయాధిపతులు 9వ అధ్యాయం ఉంది. యోతాము గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లన్నీ కలిసి రాజును ఎన్నుకోబోయి చివరికి ముళ్లపొదను పట్టుకున్న కథ చెప్పాడు. నాతాను ప్రవక్త దావీదు దగ్గర గొర్రెపిల్ల కథ చెప్పి, దానిలోని రహస్యాన్ని రాజు తన నోటితో తానే తీర్పు చెప్పేదాకా దాచి ఉంచాడు. ప్రేమ విషయానికొస్తే పరమగీతం ఉండనే ఉంది, కాకపోతే మనం దాని మీద ప్రసంగించడం తక్కువ. కల్పన అయినంత మాత్రాన అది అబద్ధం కాదు. ఆ కథ ఎవరి పక్షాన నిలబడుతోంది, చదివినవాడిని ఎటు తోస్తోంది, అది చూడాలి. మనసును పాడుచేసే చెత్త మార్కెట్లో బోలెడు ఉంది, దాన్ని ఎవరూ సమర్థించరు. మేఘసందేశంలోని విరహం తీసి దాని చోట పేదవాడి మొర పెట్టిన చెయ్యి మాత్రం ఆ కోవకు చెందదు.

మిగతా జీవితాన్ని త్వరగా చెబుతాను. మాట తప్పిన రాజు చేతిలో మోసపోయిన పారశీక కవి కథ ఫిరదౌసి 1932లోనే వచ్చింది. బిరుదులు చాలా వచ్చాయి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు నిండు సభలో స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. పాదాలు కడిగిన ప్రభువును ఎరిగిన మనకు ఆ దృశ్యం అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1957-59లో మద్రాసు రేడియోలో పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యుడయ్యారు, 1970లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన కూతురు హేమలత, గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్లి చేసుకుని, స్టువర్టుపురంలో నేరవృత్తిలో ఉన్న కుటుంబాల మధ్యా, నిజామాబాదు జోగినుల మధ్యా పనిచేశారు.

ఇంకొకటి, మనం తప్పక గమనించవలసింది. వెలివేసిన సంఘం మీద కోపంతో ఆయన క్రీస్తును వెలివేయలేదు. పెద్ద వయసులో క్రీస్తు చరిత్రను పద్యకావ్యంగా రాశారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం దానికే వచ్చింది. మన గ్రంథాలయాల్లో, వేదాంత కళాశాలల్లో ఆ పుస్తకం ఎన్నిచోట్ల ఉందో ఎవరికి వారు చూసుకోవచ్చు.

1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు. మన పల్లెల్లో తిరునాళ్లకు సత్యహరిశ్చంద్ర నాటకం వేస్తే, తెల్లవారుజామున కాటిసీను వస్తుంది. హార్మోనియం శ్రుతి పెంచుతుంది, నిద్రకళ్ల జనం లేచి కూర్చుంటారు. అప్పుడు హరిశ్చంద్రుడు ఎత్తుకునే శ్మశానవాటి పద్యాలు జాషువావి. నాటకంలో మొదట అవి లేవు, నటులు ఆయన పుస్తకంలోనుండి తెచ్చి కలుపుకున్నారు. ఒన్స్‌మోర్ అని కేకలు వేసేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు, అవి ఎవరు రాశారో వాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు.