హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్

ఎదుటివాని కంటిలోనికి ఎంత పరికించి చూచినను కనుపాప నల్లగనే కనబడును. ఆ నల్లని వాకిలి వెనుక నేమున్నదో పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు వైద్యులు చూడజాలకుండిరి. కంటికి పైదోషము లేకయే చూపు పోయినచో, రోగికి లోకము కనబడదు; వైద్యునికి కారణము కనబడదు. ఈ చీకటిని తొలగించిన మహనీయుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఆయన 1821వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, ప్రష్యా రాజ్యమందలి పాట్స్‌డామ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. సంసారము పెద్దది; జీతము కొద్దిపాటిది. హెర్మన్ బాల్యమున తరచు జబ్బుపడుచుండెను. సంబంధములేని మాటలను కంఠస్థము చేయుట ఆయనకు మిక్కిలి కష్టము. కుడియెడమల భేదము సైతము త్వరగా తెలిసెడిది కాదు. కాని భౌతికశాస్త్రమనిన అపారమైన మక్కువ. తరగతిలో లాటిను పాఠము జరుగుచుండగా ఆయన బల్లక్రింద కాగితము నుంచుకొని, దూరదర్శినిలో కాంతికిరణములు పోవు త్రోవను గీచి చూచుకొనుచుండెను.

భౌతికశాస్త్రమును అభ్యసింపవలెనని ఆయన కోరిక. కుమారుని అట్లు చదివించు స్తోమత తండ్రికి లేదు. బెర్లిన్ నగరమున సైనిక వైద్య విద్యాలయ మొకటి యుండెను. అచట విద్య ఉచితము. పిదప ఎనిమిదేండ్లు సైన్యమున వైద్యుడుగా పనిచేయవలెను. 1838లో హెర్మన్ అందు చేరెను. 1842లో పట్టము పొంది, మరుసటి సంవత్సరము సైనిక వైద్యుడయ్యెను. ఉద్యోగమున నుండియు పరిశోధన మానలేదు. శక్తి రూపము మార్చుకొనునే గాని నశింపదను సూత్రమును 1847లో విశదముగా నిరూపించెను. ప్రసిద్ధమైన శాస్త్రపత్రిక యొకటి ఆ వ్యాసమును త్రిప్పిపంపెను. ఆయన నిరుత్సాహపడక దానిని చిన్న పుస్తకముగా వెలువరించెను. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడయ్యెను.

1850వ సంవత్సరాంతమున జరిగిన సంగతి యిది. ఒక్కొక్కప్పుడు కన్ను చీకటిలో మెరయుటకు కారణమేమో విద్యార్థులకు బోధించుటకై ఆయన పాఠము సిద్ధపరచుకొనుచుండెను. అప్పుడాయనకు ఒక ప్రశ్న తోచెను: కంటిలో ప్రవేశించిన కాంతి తిరిగివచ్చునప్పుడు ఎచటికి పోవును? వచ్చిన త్రోవనే దీపమువైపునకు పోవును. దానిని చూడగోరువాడు ఆ త్రోవలోనే కన్ను నుంచవలెను. కాని అచట తల నుంచినచో దీపకాంతికే అడ్డుపడును. కనుపాప నల్లగా కనబడుటకు కారణమిదియే!

కారణము తెలియగానే ఉపాయమును తోచెను. దీపమును ప్రక్కన నుంచి, గాజుపలక నొకదానిని ఏటవాలుగా నిలిపెను. పలకపై పడిన వెలుగులో కొంత రోగి కంటిలోనికి మరలును. లోపలినుండి తిరిగివచ్చు వెలుగులో కొంత పలకగుండా వైద్యుని కంటికి చేరును. రూపము స్పష్టమగుటకు పుటాకార కటకము నొకదానిని అమర్చెను. కళ్లజోటి కటకములు, సూక్ష్మదర్శినికి వాడు పలుచని గాజుబిళ్లలు, అట్టముక్క, జిగురు—ఇవియే ఆయన సామగ్రి. మొదట ఏమియు సరిగా కనబడలేదు. సిద్ధాంతము తప్పు కాదను నమ్మకముతో సుమారు ఎనిమిది దినములు పట్టు విడువక యత్నించెను. తుదకు, బ్రతికియున్న మనుష్యుని నేత్రపటలము, దానిపై కొమ్మలవలె వ్యాపించిన సన్నని రక్తనాళములు ఆయనకు స్పష్టముగా గోచరించెను. పాఠశాలలో నేర్చిన కాంతిశాస్త్రమే ఇందులకు చాలినదని ఆయన తండ్రికి వ్రాసెను.

1851లో ఈ యంత్రమును గూర్చిన పుస్తకము వెలువడెను. బెర్లిన్‌లో గ్రేఫె అను యువ నేత్రవైద్యుడు దానిని గ్రహించి విరివిగా వాడెను. నీటికాసుల వ్యాధిలో దృష్టినాడి మొదలు గుంటపడునని వైద్యు లెరిగిరి. మధుమేహము, రక్తపోటు అధికమగుట మున్నగు రుగ్మతల చిహ్నములు కూడ కంటిలోని రక్తనాళములయందు కనబడునని క్రమముగా తెలిసెను. శరీరమును కోయకుండ రక్తనాళములను సూటిగా చూడదగిన చోట్లలో నేత్రపటల మొకటి.

హెల్మ్‌హోల్ట్జ్ ఇంతటితో తృప్తిపడలేదు. నరములలో వార్త ప్రయాణించు వేగమును కొలిచెను. దృష్టిని గూర్చియు, ధ్వనిని గూర్చియు మహాగ్రంథములు రచించెను. 1871లో బెర్లిన్ విశ్వవిద్యాలయమున, బాల్యమునుండి తాను కోరిన భౌతికశాస్త్రమునకే ఆచార్యుడయ్యెను. 1894 సెప్టెంబరు 8వ తేదీన పరమపదించెను.

ఆయన తెరచిన వాకిలిగుండా తరువాతివారు ఇంకను లోతుగా చూచిరి. 1961లో ఇరువురు అమెరికా వైద్య విద్యార్థులు, చేతి సిరలోనికి రంగుమందు నెక్కించి కంటిలోని రక్తప్రసారమును ఛాయాచిత్రములుగా తీయు పద్ధతిని ప్రకటించిరి. 1991లో, తిరిగివచ్చు కాంతినిబట్టి నేత్రపటలపు పొరలను చిత్రించు యంత్రము వెలువడెను. దాని ననుసరించి వచ్చిన నేటి పద్ధతికి సూదియు, రంగుమందును అక్కరలేదు. ఒకేచోటును మరల మరల చిత్రించి పోల్చినచో, కదలని భాగములు మారవు. రక్తము ప్రవహించు నాళములు మాత్రమే మార్పు చూపును. ఆ మార్పులనుండి నాళముల చిత్రమేర్పడును.

పేదరికము ఆయనను కోరిన విద్యనుండి వైద్యమునకు మరల్చినది. ఆయన భౌతికశాస్త్రమును వైద్యమునకు సేవకురాలిగా చేసెను. బల్లక్రింద కిరణములు గీచిన బాలుని కుతూహలము, అసంఖ్యాకులైన జనుల చూపును కాపాడుటకు సాధనమయ్యెను.