తులిప్ పూవును పెంచిన పండితుడు

వసంతకాలమున హాలెండు దేశమునకు పోయినవారు ఎఱ్ఱని, పసుపుపచ్చని, తెల్లని తులిప్ పూలతో నిండిన పొలములను చూచి ఆశ్చర్యపడుదురు. ఆ పూవు ఆ దేశముననే పుట్టినదని పలువురు తలంతురు. కాని అది మధ్య ఆసియా కొండలలో పుట్టి, తురుష్క సుల్తానుల ఉద్యానములలో పెరిగి, పిమ్మట పశ్చిమమునకు పోయిన మొక్క. దాని స్వభావము నెఱిగి, ఐరోపావారికి దానిని తెలియజెప్పినవారిలో ప్రథమగణ్యుడు కరోలస్ క్లూసియస్.

ఆయన 1526వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన, నేడు ఫ్రాన్సు దేశములో నున్న అరాస్ పట్టణమున జన్మించెను. ఇంటి పేరు షార్ల్ ద లెక్లూజ్. నాటి పండితుల వాడుక ననుసరించి దానికి లాటిన్ రూపము కల్పించుకొనెను. మొదట న్యాయశాస్త్రము చదివెను. తరువాత మోంపెల్యే నగరమున రాండెలే అను వైద్యాచార్యుని యింటనే యుండి విద్య నభ్యసించెను. ఆ కాలమున వైద్యుడు కాదలచినవాడు మూలికల నెఱిగియుండవలెను. మూలికలకై కొండలెక్కిన ఆ శిష్యుడు మొక్కలకే తన జీవితము నర్పించెను.

క్లూసియస్ బహుభాషావేత్త. 1564వ సంవత్సరమున ఆయన స్పెయిను, పోర్చుగలు దేశములకు యాత్ర బయలుదేరెను. అంతకు ముందటి యేట మన గోవాలో గార్సియా ద ఓర్తా అను వైద్యుడు భారతదేశపు ఓషధులను గూర్చి పోర్చుగీసు భాషలో నొక గ్రంథము ముద్రింపించి యుండెను. ఆ యాత్రలో క్లూసియస్‌కు ఆ గ్రంథము లభించెను. ఆయన దానిని సంక్షేపించి లాటిన్‌లో 1567లో వెలువరించెను. మన ఓషధుల కీర్తి ఐరోపా పండితులకు చేరుటకు ఆ అనువాదము మిక్కిలి తోడ్పడినది.

1573లో రెండవ మాక్సిమిలియన్ చక్రవర్తి ఆయనను వియన్నా నగరమునకు పిలిపించి, తన ఓషధీవనము నప్పగించెను. లోగడ ఇస్తాంబులులో రాయబారిగా నుండిన బుస్బెక్ అనువాడు తులిప్ విత్తనములను, దుంపలను ఆయనకిచ్చెను. అప్పటి కాపూవు ఐరోపాకు క్రొత్త. ఆంట్వర్ప్ నగరమున నొక వర్తకుడు బట్టల మూటతో వచ్చిన తులిప్ దుంపలను ఉల్లిగడ్డలని భ్రమించి, కొన్నిటిని కాల్పించి తినివేసి, మిగిలినవానిని కూరగాయల మడిలో పాతించెనని క్లూసియసే వ్రాసినాడు.

తులిప్‌ను పెంచుటకు ఓర్పు వలయును. విత్తనము నాటినచో పూచుటకు ఐదు మొదలు ఏడేండ్లు పట్టును. పూవు రంగు తల్లిమొక్క రంగువలె నుండునను నిశ్చయము లేదు. దుంప ప్రక్కన పుట్టు పిల్లదుంపలు మాత్రము తల్లినే పోలును. దుంపను చలికాలమునకు ముందు, నీరు నిలువని నేలలో, దాని యెత్తునకు మూడింతల లోతున నాటవలెను. కొన్ని వారముల చలి తగిలినగాని అది చక్కగా పూయదు. కనుకనే మన మైదానముల వేడిమిలో అది నిలువదు, కాశ్మీరమున పూయును. పూలు రాలినను ఆకులు పండువఱకు కోయరాదు. ఆ ఆకులు కూర్చిన ఆహారమే మఱుసటి యేటి పూవునకు ఆధారము.

కొన్ని పూలలో రంగురంగుల చారలు పుట్టుటయు, అట్టి మొక్కలు క్రమముగా క్షీణించుటయు క్లూసియస్ కనిపెట్టెను. అది పేనుబంక వ్యాపింపజేయు వైరస్ తెగులని 1928 ప్రాంతమున తేలినది. సూక్ష్మదర్శిని లేని కాలమున, కన్నులతోనే ఆయన అంతవఱకు గ్రహించెను.

1576లో చక్రవర్తి మరణించెను. క్రొత్త ప్రభువు కాలమున ఆయన కొలువు పోయెను. అయినను పరిశోధన మానలేదు. 1593లో, అఱువదియేడేండ్ల ప్రాయమున, కాలి బాధతో కుంటుచునే హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమునకు వచ్చి ఉద్యానమును నెలకొల్పెను. మరుసటి వసంతమున అచట తులిప్‌లు పూచినవి. ఆ ఉద్యానము నేటికిని కలదు.

విత్తనములను, దుంపలను, తాను తెలిసికొన్న సంగతులను ఆయన దేశదేశముల మిత్రులకు ఉచితముగా పంపుచుండెను. ఆయన పేరిట వచ్చిన ఉత్తరములు వెయ్యికి పైగా నేటికిని నిలిచియున్నవి. కాని వృద్ధాప్యమున దొంగలు ఒకమారు గాక పలుమారులు ఆయన తోటలో పడి, అరుదైన దుంపలను త్రవ్వుకొనిపోయిరి. అడిగినవారికి ఇచ్చిన చేతికి అది యెంత దుఃఖము! అయినను ఒక తోట దోపిడియైనను, ఆయన పంచిన మొక్కలు నూఱు తోటలలో బ్రతికియుండెను.

1609వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఆయన లైడెన్‌లో కన్నుమూసెను. తరువాత నాదేశపు జనులు పూవును మఱచి ధరను చూచిరి. ఒక్క దుంపకు ఇంటి వెల పలికిన రోజులు వచ్చినవి. 1637 ఫిబ్రవరిలో ఆ బేరము ఒక్కసారిగా కూలిపోయెను. ధర కూలినను పూవు చావలేదు. ఏటేట పూచుచునే యున్నది.

విద్యార్థులారా! పొరుగుభాషల నడుమ మన యింటిభాషను పెంచుకొను మనకు క్లూసియస్ చరిత్ర దగ్గఱిది. పరాయి నేలలో మొక్క తనంతట నిలువదు. దాని స్వభావ మెఱిగి, యేటేట నాటి, పదిమందికి పంచినవాడుండవలెను. విద్యయు నట్టిదే. దాచినది దొంగల పాలగును. పంచినది పదిచోట్ల పూయును.