స్వచ్ఛతను నమ్మిన లైడెన్ ఆచార్యుడు

అతివాహకతను ప్రపంచానికి పరిచయం చేసిన డచ్ భౌతిక శాస్త్రవేత్త హైకె కామర్లింగ్ ఓన్నెస్ 1853 సెప్టెంబరు 21న గ్రోనింగెన్‌లో జన్మించారు. హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్‌ల వద్ద చదివి, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యారు. ప్రయోగశాలను కర్మాగారంలా నడిపిన ఆయన 1901లో పరికరాల తయారీదారులకు పాఠశాలనే నెలకొల్పారు.

హీలియం వాయువును మోనజైట్ ఇసుక నుంచి రాబట్టారు. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లోనూ లభించే ఈ ఖనిజం ఆయనకు అమెరికా నుంచి చేరింది. 1908 జులై 10న హీలియం తొలిసారి ద్రవరూపం దాల్చింది.

అతిశీతలంలో లోహపు విద్యున్నిరోధం ఏమవుతుందన్నది నాటి వివాదం. అది అనంతంగా పెరుగుతుందని కెల్విన్ వాదన. ఓన్నెస్ ప్లాటినం, బంగారం తీగలను పరీక్షించగా నిరోధం కొంత తగ్గి నిలిచిపోయింది. బంగారం ఎంత స్వచ్ఛమైతే ఆ మిగులు అంత తక్కువ. స్ఫటికంలో చొరబడ్డ పరాయి అణువులే అడ్డంకి అని ఆయన నిర్ధారించుకున్నారు. మళ్లీ మళ్లీ ఆవిరిగా మార్చి శుద్ధి చేయదగిన పాదరసాన్ని ఎంచుకున్నారు.

1911 ఏప్రిల్ 8న సుమారు మైనస్ 269 డిగ్రీల వద్ద పాదరసం నిరోధం మాయమైంది. కొలతలు తీసింది గిల్లెస్ హోల్స్ట్. ప్రచురణలో మాత్రం ఓన్నెస్ పేరొక్కటే ఉంది. అది నాటి ఆచారమే కావచ్చు గాని, హోల్స్ట్‌కు న్యాయం జరిగిందనలేం.

తరువాత పాదరసంలో బంగారం, కాడ్మియం కావాలనే కలిపి చూశారు. అతివాహకత చెక్కుచెదరలేదు! ఆవిష్కరణకు దారి చూపిన నమ్మకమే అనవసరమని తేలింది.

1913లో నోబెల్ బహుమతి అందుకున్న ఓన్నెస్, అతివాహక తీగలతో లక్ష గాస్‌ల అయస్కాంతం నిర్మించాలని ఆశించారు. కాని కొన్ని వందల గాస్‌లకే సీసం అతివాహకతను కోల్పోయింది. ఆ ఆశ తీరకుండానే 1926 ఫిబ్రవరి 21న లైడెన్‌లో కన్నుమూశారు.

నాలుగేళ్లకు, అదే ప్రయోగశాలలో డి హాస్, వోగ్ట్ సీసం–బిస్మత్ మిశ్రలోహాన్ని పరీక్షించారు. సుమారు 20 వేల గాస్‌ల వరకు అది తట్టుకుంది. ఓన్నెస్ తొలగించాలనుకున్న కల్తీయే ఇక్కడ బలమైంది. నేడు రాయపూర్‌లోనైనా, విశాఖలోనైనా ఎంఆర్‌ఐ యంత్రాల్లో సాధారణంగా ఉండేది నయోబియం–టైటానియం తీగ. అందులో రెండు లోహాల అణువులు స్ఫటిక స్థానాలను ఏ క్రమమూ లేకుండా పంచుకుంటాయి. ఈ అక్రమం వల్ల ఎక్కువ అయస్కాంత క్షేత్రాన్ని ఓర్చుకోగలుగుతుంది. తీగలోని సూక్ష్మ లోపాలు అయస్కాంత రేఖలను కదలకుండా పట్టి ఉంచుతాయి.

అయితే ఏ అణువు ఎక్కడ చేరిందన్నదీ ముఖ్యమే. 1986లో వెలుగుచూసిన రాగి ఆక్సైడ్ స్ఫటికాల్లో కొంత లాంథనం స్థానంలో బేరియం చేరితే అతివాహకత పుడుతుంది. అదే కుటుంబంలో రాగి స్థానంలోకి కొద్ది శాతం జింకు వస్తే అది అంతరిస్తుంది.