నిఘంటుకర్త బ్రౌన్ దొర

కనగానపల్లి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో తెలుగులోనో ఉర్దూలోనో చదువుకొని ఇంజనీరింగు కళాశాలలో అడుగుపెట్టే విద్యార్థికి పదార్థశాస్త్రం కంటె ముందు దాని ఆంగ్లమే అడ్డు తగులుతుంది. గాజూ గట్టిదే, ఉక్కూ గట్టిదే అని మనం అంటాము. ఆ శాస్త్రంలో గీత పడనీయని గుణం హార్డ్‌నెస్. దెబ్బ తగిలినా పగలక ఓర్చుకొనే గుణం టఫ్‌నెస్. గాజుకు మొదటిది ఉన్నది, రెండవది బహు స్వల్పం. పదపట్టికలు వల్లించినంత మాత్రాన ఈ భేదం పట్టుబడదు. ఇటువంటి చిక్కునే ఎదుటి దిక్కు నుండి ఎదుర్కొన్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

1798లో కలకత్తాలో జన్మించి, 1817లో కుంపిణీ కొలువుకై మదరాసు చేరిన తరువాతనే ఆయన తెలుగు నేర్వ నారంభించాడు. 1820లో కడపకు వచ్చాడు. 1800లో నిజాము కుంపిణీకి అప్పగించిన దత్తమండలాలలోనిదే ఆ సీమ. మన ప్రాంతమూ అందులోదే.

ఆయన పద్ధతి గమనింపదగినది. ఒక గ్రంథానికి ఒక్క ప్రతిని నమ్మేవాడు కాడు. ఊరూరి నుండి తాళపత్రాలు తెప్పించి, పండితులచేత పాఠభేదాలు సరిపోల్పించి, శుద్ధప్రతి వ్రాయించేవాడు. పదం ఏ సందర్భంలో ఏ అర్థంలో వచ్చినదో గుర్తించి, తెలిసినవారిని విచారించి నమోదు చేసేవాడు. ప్రయోగశాలలో ఒక్క కొలతతో తృప్తిపడనివాని తీరు ఇదే గదా! వేమన పద్యాలను ఈ విధంగానే శోధించి 1829లో ప్రచురించాడు. కడపలో తన బంగళాలోనే పండితులను కూర్చుండబెట్టి, జీతాలు స్వయంగా ఇచ్చాడు. అందుకు అప్పులపాలయ్యాడు కూడా. నడుమ ఉద్యోగం పోయి ఇంగ్లండుకు వెళ్ళినప్పుడు సైతం, లండనులోని కుంపిణీ గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులను వెదకుతూనే ఉన్నాడు.

మూడు దశాబ్దాల శ్రమ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుగా వెలువడినది. మన కళాశాలవారికి మరింత ఆప్తమైనది 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, పారసీ, హిందుస్తానీ మాటలకు అది అర్థం చెప్పుతుంది. కచేరీ మాటలను మైలగా ఎంచి పండితులు త్రోసిపుచ్చే కాలంలో, జనం వాడుతున్నది గనుక ఎక్కించవలసినదే అని ఆయన తలచాడు. ఈ విషయంలో ఆయనదే న్యాయమని మా అభిప్రాయం.

పదవీవిరమణానంతరం లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడై, 1884లో కన్నుమూశాడు. ఆయన నిఘంటువును కందుకూరి వీరేశలింగం మున్నగువారు సవరింపగా, 1903లో క్రొత్త కూర్పు వెలువడినది.