రెండు ఆటల రామస్వామి

మన జగదల్‌పూర్ మీదుగా పోయే పెద్ద రోడ్డు పట్టుకుని వెళ్తే చివరికి విజయనగరం చేరుతాం. ఆ రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు సి.కె. నాయుడు కూడా అదే జట్టులో ఉన్నారు. ఈ పేర్లు మనం విన్నవే. వాళ్లతో కలిసి ఆడిన ఇంకో తెలుగాయనను మాత్రం దాదాపు మరిచిపోయాం. ఆయన కోటా రామస్వామి. క్రికెట్ కంటే ముందు ఆయన మన దేశం తరఫున ఆడింది టెన్నిస్!

రామస్వామి గారు 1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. ఆ రోజుల్లో మద్రాసు క్రికెట్‌లో పెత్తనమంతా తెల్లవాళ్ల క్లబ్బుదే. బుచ్చిబాబు గారు మనవాళ్ల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి, కుర్రాళ్లను చేరదీసి ఆట నేర్పించారు. ఆయన పేరు మీద టోర్నమెంట్ ఇప్పటికీ జరుగుతోంది. 1908లో ఆయన చనిపోయారు. అప్పటికి రామస్వామికి ఇంకా పన్నెండేళ్లే. అమ్మ వైపు వాళ్లకు దత్తత వెళ్లడంతో ఆయన ఇంటిపేరు కోటా అయింది.

చదువుకోవడానికి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ ఆయనకు పేరు తెచ్చింది టెన్నిస్ రాకెట్టే. భారత్ డేవిస్ కప్‌లో అడుగుపెట్టింది 1921లో. ఆ మరుసటి ఏడాదే రామస్వామి జట్టులో ఉన్నారు. మనవాళ్లు రుమేనియాను ఓడించి, తర్వాత స్పెయిన్ చేతిలో ఓడిపోయారు. వింబుల్డన్‌లోనూ ఆయన ఆడారు. తిరిగి వచ్చాక మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం. సెలవు దొరికితే క్రికెట్, లేదంటే టెన్నిస్.

అలా పద్నాలుగేళ్లు గడిచాయి. నలభై నిండాక, 1936 జూలైలో మాంచెస్టర్‌లో ఆయనకు తొలి టెస్టు ఆడే అవకాశం వచ్చింది. మనలో చాలామంది నాన్నలు ఆ వయసుకు ఆటలు టీవీలో చూడటమే! ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. అంతకుముందు మొదట బ్యాటింగ్ చేసిన మనవాళ్లు 203కే ఆలౌట్. అందులో ఎడమచేతి వాటం రామస్వామివి 40. రెండో ఇన్నింగ్స్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ సెంచరీలు కొట్టారు, అందరూ వాళ్లనే గుర్తుపెట్టుకున్నారు. మ్యాచ్ డ్రా కావడానికి రామస్వామి చేసిన 60 కూడా సాయపడింది. ఓవల్‌లో జరిగిన తర్వాతి టెస్టులో 29, 41 నాటౌట్. ఆయన టెస్టు జీవితం ఆ రెండు మ్యాచ్‌లే. సగటు 56 దాటింది. ఇంకాస్త ముందే పిలిచి ఉంటే ఎన్ని పరుగులు చేసేవారో అని మాకు అనిపిస్తుంది.

తర్వాత సెలెక్టర్‌గా పనిచేశారు. 1953లో వెస్టిండీస్‌లో పర్యటించిన మన జట్టుకు మేనేజర్‌గా వెళ్లారు. ఆటల పిచ్చి గురించి ఇంగ్లీషులో ఆత్మకథ కూడా రాశారు.

1985 అక్టోబరులో ఒకరోజు మద్రాసులోని ఇంటి నుంచి బయటికి వెళ్లారు. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. మళ్లీ తిరిగి రాలేదు. ఎక్కడా జాడ దొరకలేదు. ఆఖరికి చనిపోయి ఉంటారని భావించి క్రికెట్ పుస్తకాల్లో అలాగే రాసుకున్నారు. ఏ రోజు పోయారో మాత్రం ఎవరికీ తెలియదు.