గ్రంథాలయ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్య

గ్రంథాలయ శాస్త్రం చదివితే ఉద్యోగం దొరకునా అని మా విద్యార్థులు తరచుగా ప్రశ్నిస్తుంటారు. పోస్టులు కొద్ది, అభ్యర్థులు ఎక్కువ అయిన కాలంలో ఈ సందేహం సహజమే. దీనికి తగిన సమాధానం శ్రీ అయ్యంకి వెంకట రమణయ్యగారి జీవితంలో లభిస్తుందని మేము భావిస్తున్నాము.

రమణయ్యగారు 1890 జూలై 24న గోదావరి సీమలోని కొంకుదురు గ్రామంలో జన్మించారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర దేశంలో చేసిన ఉపన్యాసాలు ఆయన యువహృదయాన్ని కదిలించాయి. ప్రజలకు చదువు అందనిదే స్వాతంత్ర్యం నిలువదని, చదువు అందరికీ అందాలంటే ఊరూరా గ్రంథాలయం వెలయాలని ఆయన విశ్వసించారు. ఆనాడు తెలుగునాట ఈ వృత్తికి శిక్షణ లేదు, నియామకాలకు ఒక పద్ధతీ లేదు.

బెజవాడలోని రామమోహన గ్రంథాలయానికి ప్రాణం పోసిన వారిలో ఆయన ఒకరు. అప్పటికే అక్కడక్కడ గ్రంథాలయాలు వెలసినా, వాటిని నడిపేవారికి పరస్పర పరిచయం ఉండేది కాదు. ఈ లోపాన్ని రమణయ్యగారు గుర్తించారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన వారందరినీ సమావేశపరచగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది. దేశంలో ఇట్టి సంఘాలలో ఇదే మొదటిది. మరుసటి సంవత్సరమే “గ్రంథాలయ సర్వస్వం” పత్రిక వెలువడింది. ఒక ఊరి అనుభవం మరొక ఊరికి పాఠమైంది. 1919 నవంబరు 14న మద్రాసులో బరోడాకు చెందిన కుడాల్కర్ అధ్యక్షతన అఖిల భారత సభ జరిగింది. దానికి ముఖ్య నిర్వాహకులు రమణయ్యగారే. నేటికీ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14ననే ప్రారంభమవుతున్నవి.

పరిచయాలతోనే ఆయన తృప్తిపడలేదు. 1920లోనే సంఘం పక్షాన గ్రంథాలయ కార్యకర్తలకు శిక్షణ తరగతులు జరిగాయి. మద్రాసులో రంగనాథన్‌గారి వేసవి పాఠశాల ఆరంభమైనది 1929లో. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్ర బోధన 1959లో గాని మొదలుకాలేదు.

తెలంగాణలోనూ 1891లో ఆసఫియా గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసినవి. అనంతరం 1955 నాటి హైదరాబాదు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయాలను ప్రభుత్వ బాధ్యతగా చేసినవి. జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటితో ఉద్యోగాలు ఏర్పడినవి. ముందుగా సేవ, పిమ్మట సంఘం, తుదకు పదవి అన్నదే ఈ చరిత్ర క్రమం. 1972లో పద్మశ్రీ అందుకొన్న రమణయ్యగారు 1979 మార్చి 7న కీర్తిశేషులైనారు.

మన విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. ఏ డిగ్రీ పొందినవారైనా గ్రంథాలయ శాస్త్రంలో చేరవచ్చును. దూరవిద్య ద్వారా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడ ఈ కోర్సులను నడుపుతున్నది. కాని పట్టా ఒక్కటే చాలదు. కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని గ్రంథాలయాధికారిని కలిసి, సెలవులలో పుస్తకాల వర్గీకరణలో, సూచీ తయారీలో సాయపడండి. వారోత్సవాలకు తప్పక వెళ్లి, ఆ వృత్తిలోని పెద్దలతో పరిచయం పెంచుకొనండి. కంప్యూటరుపై సూచీ తయారుచేయడం అభ్యసించండి. ఉర్దూ, తెలుగు లిపులు రెండూ ఎరిగిన విద్యార్థి రెండు భాషల గ్రంథాలనూ సరిగా నమోదు చేయగలడు. ఇది మన కళాశాల విద్యార్థులకు సహజంగా లభించిన సంపద. దానిని వృథా చేయరాదు.

మన కళాశాల గ్రంథాలయంలో ఇట్టి అభ్యాసానికి అవకాశం కల్పించవలసినదిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాము.