గుడ్డుతో ఈత నేర్పిన ఫ్రాంక్లిన్

పాయకరావుపేటకూ తునికీ నడుమ పారే తాండవ పెంటకోట వద్ద సముద్రంలో కలుస్తుంది. ఏటి ఒడ్డునా, చెరువు గట్టునా ఉన్న ఊళ్లలో పసివాళ్లు నీటి దరికి వెళ్లారంటే తల్లులకు గుండె దడ. ఈత రాకపోతే ముప్పు. నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి. దిగనివ్వాలంటే భయం. ఈ చిక్కును 18వ శతాబ్దంలోనే విప్పి చూపిన వాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. పిడుగు నుంచి ఇళ్లను కాపాడే ఇనుప కడ్డీని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడిగా బడిపిల్లలకు ఆయన తెలుసు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన వారిలో ఒకరిగా పెద్దలకు తెలుసు. ఈత నేర్పడంలో దిట్ట అన్న సంగతి తెలిసిన వారు తక్కువ.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్ రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బు తయారుచేసి అమ్మేవారు. ఆ ఇంట 1703లో ఘోరం జరిగింది. పదహారు నెలల పసివాడు ఎబినేజర్ సబ్బునీళ్ల తొట్టిలో మునిగి చనిపోయాడు. తర్వాత మూడేళ్లకు పుట్టిన బిడ్డ బెంజమిన్. అలాంటి ఇంట పిల్లవాణ్ణి నీళ్ల ఛాయలకు పోనివ్వరనుకుంటాం. కాని ఆయన చిన్ననాడే ఈదడం, పడవ నడపడం నేర్చారు. నావికుడు కావాలన్న ముచ్చటను మాత్రం తండ్రి సాగనివ్వలేదు. పన్నెండో ఏట అన్న అచ్చు కార్యాలయంలో పనికి పెట్టారు.

ఈ కుర్రవాడి ఈతలో తుంటరితనమూ ఉంది, ఆలోచనా ఉంది. పది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పున రెండు చెక్కలు చేసి, బొటనవేలు దూర్చేందుకు బెజ్జం పెట్టి, చేతులకు తెడ్లలా వాడారు. వేగం పెరిగింది, మణికట్లు నొచ్చాయి. మరోసారి చెరువులో వెల్లకిలా పడుకుని గాలిపటం పుల్ల పట్టుకుంటే, గాలి ఆయన్ను ఆవలి ఒడ్డుకు లాక్కుపోయింది. బట్టలు మోసుకుంటూ స్నేహితుడు గట్టు చుట్టి వెళ్లాడు!

1724లో లండన్ చేరి అచ్చు పనిలో కుదిరారు. అక్కడ తోటి పనివాడు వైగేట్‌కూ, అతని మిత్రుడికీ నదిలో రెండే రెండు దఫాలు దింపి ఈత నేర్పారు. ఒకనాడు చెల్సీ దగ్గర థేమ్స్ నదిలో దూకి, రకరకాల విన్యాసాలు చేస్తూ బ్లాక్‌ఫ్రయర్స్ దాకా ఈదారు. ఆ దూరం మూడు మైళ్లకు పైమాటే. ఆ కబురు విని సర్ విలియం విండమ్ అనే ప్రముఖుడు పిలిపించారు. తన ఇద్దరు కొడుకులు దేశాటనకు బయలుదేరుతున్నారనీ, అంతకు ముందే ఈత నేర్పితే మంచి సొమ్ము ఇస్తాననీ చెప్పారు. ఆ పిల్లలు అప్పటికి ఊరు చేరలేదు. ఫ్రాంక్లిన్‌కు ప్రయాణం దగ్గర పడింది. 1726 జూలైలో ఓడ ఎక్కేశారు. ముందే పిలుపు వచ్చి ఉంటే ఈత బడి పెట్టి అక్కడే స్థిరపడేవాడినేమో అని తర్వాత తలపోశారు.

ఆయన పద్ధతి 1769లో అచ్చయిన ఒక ఉత్తరంలో ఉంది. వయసు మీరిందని వెనుకాడుతున్న ఆలివర్ నీవ్ అనే మిత్రుడికి రాసింది. నీరు మెల్లమెల్లగా లోతయ్యే చోట రొమ్ము బంటి వరకు నడవాలి. అక్కడ ఒడ్డు వైపు తిరిగి, తనకూ ఒడ్డుకూ మధ్య ఒక గుడ్డు వేయాలి. తెల్లని గుడ్డు అడుగున కనబడుతుంది. కళ్లు తెరిచి మునిగి, కాళ్లూ చేతులూ ఆడిస్తూ దాన్ని అందుకోవాలి. పోయేది లోతు తక్కువ వైపు, కనుక ఎప్పుడైనా లేచి నిలబడవచ్చు. గుడ్డు కోసం మునగబోయిన వాణ్ణి నీరే పైకి తోస్తుంది. మునగడం అనుకున్నంత తేలిక కాదని అప్పుడు ఒంటికి తెలుస్తుంది. కిటుకంతా ఇదే.

మన పల్లెల్లో నడుముకు ఆనప బుర్రో, బెండ్లో కట్టి దింపినట్టే అక్కడా బెండ్లు కట్టేవారు. చేతులాడించడం నేర్చేందుకు అవి పనికొస్తాయని ఫ్రాంక్లిన్ ఒప్పుకున్నారు. అయితే నీరు మోస్తుందన్న నమ్మకం ముందు కుదరాలన్నది ఆయన పట్టు. తేటనీటి మడుగుకే ఈ పాఠం తగును. ఎర్రనీరు దిగిన తాండవలో గుడ్డూ కనబడదు, గుంతా కనబడదు. పక్కన ఈత వచ్చిన పెద్దవారు లేకుండా పిల్లల్ని దింపరాదు.

పడవ బోల్తా పడ్డవారికీ ఆయన ఒక మాట చెప్పారు. గాభరాగా చేతులు పైకెత్తితే మునుగుతారు. చేతులు నీటిలోనే ఉంచి, తల వెనక్కి వాల్చి వెల్లకిలా ఉంటే ముక్కూ నోరూ పైన ఉంటాయి. సాయం వచ్చేదాకా ఊపిరి నిలుస్తుంది.

1749లో పెన్సిల్వేనియా యువకుల చదువుకు ఆయన వేసిన ప్రణాళికలో పరుగు, గెంతు, కుస్తీలతో పాటు ఈత కూడా చేర్చారు. 1790 ఏప్రిల్ 17న ఫిలడెల్ఫియాలో 84వ ఏట కన్నుమూశారు. ఈత బడి పెట్టకుండానే వెళ్లిపోయిన ఆ మనిషి పేరును 1968లో అంతర్జాతీయ ఈత కీర్తి మందిరంలో చేర్చారు.